ఊళ్ళో ఉన్నవాళ్ళని లేపకూడదు

జూన్ 4

అక్కా,

ఈ ఉదయం హాస్టల్లో నా కిటికీ ఊచకి ఎవరిదో జేబురుమాలు చిక్కుకుని కనిపించింది. మూలన నల్ల ఇంకుతో చిన్న చేప బొమ్మ ఉంది. లాండ్రీ గుర్తు. మిగతా లాండ్రీల వాళ్ళు అంకెలు వేస్తారు. బొమ్మలు వేసేది మన లాండ్రీ మావయ్య ఒక్కడే. మన బట్టలకి గొడుగు వేసేవాడు.

పై అంతస్తు నుంచి జారి ఉంటుంది. కానీ ఒక్కో తలుపూ కొట్టి, ఇది మీదేనా అని అడగడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని సాయంత్రం లైబ్రరీ నుంచి వస్తూ లాండ్రీకే తీసుకెళ్ళి ఇచ్చాను. చేప ఎవరో మావయ్యకి తెలుస్తుంది కదా. నాలుగు తలుపులు తప్పించుకోవడానికి రెండు కిలోమీటర్లు నడిచానని నువ్వు నవ్వుతావు. నవ్వు.

ఇక్కడ ఉద్యోగంలో చేరి ఏడాదైనా నేను ఆ వీధి వైపు వెళ్ళలేదు. మనం ఆ ఇల్లు ఖాళీ చేసి పన్నెండేళ్ళు. మావయ్య నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవరింటి అమ్మాయివమ్మా?" అన్నాడు.

"గొడుగు" అన్నాను.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు. "డ్రైవరుగారి చిన్నదానివా? ఉతికిన బట్ట పొట్టవుతుంది గానీ ఇలా పొడుగవుతుందా?" అన్నాడు.

పైన మన ఇల్లు ఖాళీగా ఉంది. అద్దెకున్నవాళ్ళు పోయిన నెల వెళ్ళిపోయారట. నేను అడగకుండానే తాళం చెవి చేతిలో పెట్టి, చూసి రమ్మన్నాడు. పది నిమిషాలు ఉన్నాను. వరసగా మూడు గదులు, తరవాత ఖాళీ డాబా, డాబా చివర ఆ ఒంటరి గది. ఏమీ మారలేదు. కింద బాయిలరు ఉన్నచోట వంటింటి గచ్చు ఇప్పటికీ గోరువెచ్చగా ఉంది. చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాను.

హాస్టల్లో నాతోపాటు ఉండే టైపిస్టుకి ఇల్లు ఎలా ఉంటుందో చెప్తూ "డాబా దాటితే ఊరు" అన్నాను. ఏ ఊరని అడిగింది. జనానికి ఊరంటే ఊరేనని అప్పుడు గుర్తొచ్చింది. మొత్తం చెప్పాల్సి వచ్చింది. నాన్న రాత్రంతా బస్సు నడిపి, పొద్దున్నే వచ్చి ఆ చివరి గదిలో పడుకునేవాడనీ, అప్పుడు ఎవరొచ్చి అడిగినా అమ్మ గుమ్మంలోనే నిలబడి "ఆయన ఊరెళ్ళారండీ" అని పంపేసేదనీ, అది విని విని మనం ఆ గదికే ఊరు అని పేరు పెట్టేశామనీ చెప్పాను. ఊళ్ళో ఉన్నవాళ్ళని లేపకూడదు. తలుపు కొట్టకూడదు. డాబా మీద చెప్పులతో నడవకూడదు. మనింటి చట్టాలన్నీ చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని, "మీ ఇంట్లో అందరూ ఇలాగే ఉంటారా?" అంది.

నా ఆలోచన సూటిగా రాస్తాను. ఆ ఇల్లు నేను తీసుకుంటాను. నాన్న వచ్చి నాతో ఉంటాడు. ఉద్యోగం మానేశాక నాలుగేళ్ళుగా నీ దగ్గరే ఉన్నాడు, ఇప్పుడు నా వంతు. మావయ్య ఈ నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానన్నాడు. నువ్వు సరేనంటేనే తీసుకుంటాను. నీ మాట లేకుండా తాళం చెవి ముట్టుకోను.

బావగారికి నమస్కారాలు. నాన్నకి ఇంకా ఏమీ చెప్పకు.

నీ
చీమ


జూన్ 11

చీమా,

నీ ఉత్తరం చేరింది. మార్జిన్ గీసి మరీ రాశావు. నేనేమైనా మార్కులేస్తానా తల్లీ? కాన్వెంటు వాళ్ళు నిన్ను వదిలేసినా నువ్వు మాత్రం వాళ్ళని వదల్లేదు. ఆ చీమ తలకాయంత అక్షరాలు చదవలేక మీ బావ కళ్ళజోడు మార్పించుకునేలా ఉన్నారు.

ఇక్కడంతా మామూలే. ఆసుపత్రిలో మా ల్యాబుకి కొత్త మైక్రోస్కోపు వచ్చింది. దాన్ని ముట్టుకోవాలంటే పెద్ద డాక్టరు సంతకం కావాలట. అందుకని దానికి ముసుగేసి, రోజూ దుమ్ము దులిపి, పాతదాంతోనే పని చేస్తున్నాం. కొత్తదాని దుమ్ము దులపడం కూడా నా డ్యూటీయే. మీ బావ స్కూల్లో డ్రాయింగ్ పోటీ పెట్టి, ఎవరికీ బహుమతి ఇవ్వడానికి మనసొప్పక అందరికీ రెండో బహుమతి ఇచ్చి వచ్చారు. తల్లిదండ్రులు గొడవ.

ఇక ఆ ఇల్లు. ఆ మెట్లు పద్దెనిమిది, అదీ నిటారుగా. పైకి నీళ్ళెక్కవు. కింద కొళాయి దగ్గర పట్టుకుని మోసుకుపోవాలి. కిటికీ తీస్తే ఆవిరి, మూస్తే ఉక్క. మోసింది నేను కాబట్టి నాకు మెట్లు గుర్తున్నాయి. నీకు గోరువెచ్చని గచ్చు గుర్తుంది. ఆలోచిద్దాంలే, తొందరేముంది.

నాన్న సంగతి చెప్పాలి. వారం రోజుల నుంచి ఊరెళ్తానని ఒకటే గొడవ. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. "ఎక్కడికి నాన్నా" అంటే, "ఊరెళ్ళాలన్నానుగా" అంటాడు చిన్నపిల్లాడిలా. మోకాలు నొప్పి కదా, ఎందుకని ఆపుతూ వచ్చాను. మీ బావ మాత్రం, వెళ్ళి హాయిగా పడుకుని వస్తే ఆయనకే మంచిది, పంపిద్దాం అంటున్నారు. నాకూ సరేననిపిస్తోంది. ఎన్నాళ్ళని ఆపుతాం?

పాలు పొంగుతున్నాయి. ఉంటాను.

అక్క


జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇల్లు గురించి ఆలోచిద్దాం అన్నావు. ఆ కిందనే, నాన్న ఊరెళ్తానంటున్నాడు, నాకూ సరేననిపిస్తోంది అన్నావు. నువ్వు ఏదైనా ఒప్పుకుంటే ఇలాగే ఒప్పుకుంటావు, వేరే మాట మీద పెట్టి. అదే రోజు వెళ్ళి తాళం చెవి తీసుకున్నాను.

నేను చెప్పకుండానే నాన్న ఆ గదిని అడుగుతున్నాడంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆయనకి అక్కడ సరిగ్గా నిద్ర పట్టడం లేదని అర్థమైంది. రాత్రంతా పనిచేసి పగలు పడుకున్న మనిషికి చీకటి గది కావాలి కదా. అందుకని ముందు ఊరినే సర్దాను. కిటికీకి అమ్మ కట్టినట్టే నల్ల గుడ్డ కట్టాను. అది మావయ్య ఇచ్చాడు. ఎవరో కోటు ఉతకడానికి వేసి పదకొండేళ్ళుగా తీసుకెళ్ళలేదట, దాని లోపలి గుడ్డ. వాళ్ళు వస్తే ఏం చేస్తారని అడిగాను. "పదకొండేళ్ళు చలికి ఆగినవాళ్ళు ఇంక రారులే" అన్నాడు.

మధ్యలో ఉన్నవాళ్ళు గోడలన్నిటికీ పచ్చ రంగు వేశారు. మూడు గదులూ చెరువు అడుగున ఉన్నట్టున్నాయి. అలవాటవుతుంది. వంటింటి అలమర పై అర నా భుజం ఎత్తునే ఉంది. చిన్నప్పుడు స్టూలెక్కితే గానీ అందేది కాదు మనకి. చాలాసేపు దాని ముందే నిలబడ్డాను, ఏదో తప్పు లెక్క సరిచూస్తున్నట్టు.

లైబ్రరీలో ఇవాళ నూట నలభై కొత్త పుస్తకాలకి ముద్రలు వేశాను. మొదటి పేజీ మీద ఒకటి, చివరి పేజీ మీద ఒకటి, ఎవరికీ తెలియని లోపలి పేజీ మీద ఇంకొకటి. ముందూ వెనకా పేజీలు చింపేసినా అది మన పుస్తకమేనని ఆ లోపలి ముద్ర చెప్తుంది. ఏ పేజీ అన్నది చెప్పకూడదు. నీక్కూడా.

నాన్నని ఎప్పుడు పంపుతున్నావు? బావగారికి వీలు కాకపోతే నేను వచ్చి తీసుకొస్తాను. నువ్వు కూడా వచ్చి నాలుగు రోజులు ఉండాలి. నువ్వు లేకుండా ఆ ఇల్లు సగమే.

నీ
చీమ


జూన్ 22

చీమా,

మొదట ఐదు నిమిషాలు నవ్వాను. తరవాత నవ్వు రాలేదు.

ఒసే పిచ్చిదానా, ఊరంటే ఊరే. నాన్న వెళ్తానన్నది కండక్టరు బాబాయి వాళ్ళ ఊరికి. బాబాయికి కంటి ఆపరేషను అయిందని కార్డు వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఒకే బస్సు మీద చేసినవాళ్ళు, చూడకుండా ఉంటాడా? పోయిన శనివారం మీ బావ దింపి వచ్చారు. దారంతా నాన్న డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని, మలుపొచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడట. డ్రైవరు విసుగొచ్చి, "పెద్దాయనా, మీరు తొక్కితే బస్సు ఆగదు" అన్నాడట. "నువ్వు తొక్కితే ఆగుతోందా? చూస్తున్నాగా" అన్నాడట నాన్న. మీ బావ ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారట, ఈయనెవరో నాకు తెలియదన్నట్టు.

ఇప్పుడు రెండో సంగతి. మా ఇంట్లో నాన్నకి నిద్ర పట్టదని నీకెవరు చెప్పారు? పగలు కర్టెన్లు వేస్తాను. పక్కింటి రేడియో తగ్గించమని నెలకోసారి వెళ్ళి నేనే అడిగి వస్తాను. నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా ఆయన మాత్ర మర్చిపోలేదు. నువ్వు ఏడాదికి రెండుసార్లు వచ్చి, పుస్తకంలో తల పెట్టుకుని కూర్చుని వెళ్ళేదానివి, ఒక్క ఉత్తరంలో తేల్చేశావు. వంతు అన్నావు మొన్న. నాన్న ఏమైనా కిరసనాయిలు క్యూనా వంతులేసుకోవడానికి?

తాళం చెవి తిరిగి ఇచ్చేయ్. మొహమాటమైతే మావయ్యకి నేనే రాస్తాను. ఆ మెట్లు నాన్న మోకాలికి పనికిరావు. ఆ కొళాయి పనికిరాదు. నువ్వు ఒక్కదానివీ ఆ పచ్చ గోడల మధ్య ఉండటం నాకిష్టం లేదు. వేరే ఇల్లు చూసుకో, ఇంకెక్కడైనా. నేనే వచ్చి సర్ది పెడతాను.

అక్క


జూన్ 27

అక్కా,

తప్పు నాదే. లైబ్రరీలో ఒకే పేరుతో రెండు పుస్తకాలుంటే కార్డు మీద పక్కన ఇంకో గుర్తు రాస్తాం, కలిసిపోకుండా. ఊరు అన్న మాట పక్కన ఆ గుర్తు రాసుకోవడం నాకు ఎప్పుడూ గుర్తుండదు. నిద్ర గురించి రాసింది నీ మీద కాదు. నాన్న నీ దగ్గర ఎంత బాగున్నాడో నాకు తెలుసు. వంతు అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నేను మాట్లాడటం కంటే రాయడం బాగా వచ్చినదాన్ని అనుకునేదాన్ని.

తాళం చెవి మాత్రం ఇవ్వలేదు. హాస్టల్లో నా మంచం అప్పుడే ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. పైగా నాకు ఇవ్వాలని లేదు. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

పదిరోజులుగా ఇక్కడే ఉన్నాను. పొద్దున్న ఆరింటికి కింద బాయిలరు మొదట ఒక నిట్టూర్పు విడుస్తుంది, తరవాత పని మొదలుపెడుతుంది. మావయ్య బట్టల బండి చప్పుడు విని ఎప్పుడు లేవాలో తెలుసుకుంటాను. నీళ్ళు నేనే మోసుకుంటున్నాను, రెండు బకెట్లు. పదకొండో మెట్టు దగ్గర ఆగుతాను. నువ్వెక్కడ ఆగేదానివో నాకు తెలియదు. చూడలేదు ఎప్పుడూ. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. మూడు గదులు ఒక్కదానికి ఎక్కువే. మధ్య గదిలో ఏ సామానూ లేదు, అందుకని అందులోంచి కాస్త తొందరగా నడుస్తాను.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను. మెట్ల గురించి రాశావు, కొళాయి, ఆవిరి, గోడలు. ఇల్లంతా రాశావు. రెండింటిలోనూ డాబా గుమ్మం దగ్గరే ఆగిపోయావు. నేను ఊరి గురించి పేజీ నిండా రాస్తే, నువ్వు దాని మీద నవ్వావు గానీ ఆ గది గురించి ఒక్క మాట రాయలేదు. రోజంతా కార్డులు రాసేదాన్ని కదా, ఏది లేదో ముందు కనపడుతుంది.

నాకు ఈ ఇల్లు ఎందుకు కావాలో చెప్తాను. ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా నేను మొదటిసారి చదివింది ఇక్కడే. ఊరి తలుపుకి వీపు ఆనించి, గచ్చు మీద కూర్చుని. ఒకటో తరగతి వాచకం. మూడు రోజులు పట్టింది. ఆ తరవాత ఇంకెక్కడ కూర్చుని చదివినా అక్కడ కూర్చున్నట్టే చదివాను.

నీకు ఎందుకు వద్దో నువ్వు చెప్పు. అది మెట్లు కాదు. కారణం చెప్తే ఆ రోజే ఖాళీ చేస్తాను. కారణం లేకుండా వదిలెయ్యమంటే వదలను.

నీ
చీమ


జూలై 3

చీమా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మీ బావ రోజూ, "జవాబు రాశావా?" అంటున్నారు. కాగితం ముందు పెట్టుకుని లేచిపోతున్నాను. ల్యాబులో ఫలితం ఎలా ఉన్నా ఉన్నది ఉన్నట్టు రాసి ఇవ్వడమే నా పని. ఇదీ అలాగే రాస్తాను.

అమ్మని వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు నీకు ఆరేళ్ళు, నాకు పద్నాలుగు. నాన్న కూడా వెళ్ళాడు. మనిద్దరం ఇంట్లో. నాలుగో రోజు పొద్దున్న నేను పాల గిన్నె పట్టుకుని కిందికి దిగాను. అప్పుడే లాండ్రీలో ఫోను మోగింది. మావయ్య ఎత్తాడు. మిషను చప్పుడులో వినపడక, "ఎవరు? డ్రైవరుగారి భార్యా? చనిపోయిందా?" అని అరిచాడు. మళ్ళీ అదే మాట ఇంకా గట్టిగా అరిచాడు. అప్పుడు నేను కనపడ్డాను ఆయనకి. చెయ్యెత్తి మిషను ఆపించాడు. ఆ లాండ్రీ అంత నిశ్శబ్దంగా ఉండటం నేను అంతకుముందు వినలేదు.

పైకి ఎలా వచ్చానో తెలియదు. నువ్వు మెట్ల పైన నిలబడి ఉన్నావు. ఆయాసపడుతున్నావు, పొద్దున్నే గెంతులాటలు మొదలుపెట్టావనుకున్నాను. "పాలేవి?" అన్నావు. "అమ్మ ఊరెళ్ళింది" అన్నాను నేను. నువ్వు అడిగిన దానికి అది జవాబే కాదు. పెద్దవాళ్ళు పిల్లలకి అలాగే చెప్తారు కదా, నాకు అదే నోటికొచ్చింది. మనింట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఆ క్షణంలో గుర్తు లేదు.

నువ్వు సరేనని తలూపావు. వాచకం తెచ్చుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, డాబా దాటి వెళ్ళి ఆ తలుపు ముందు కూర్చున్నావు. తలుపు కొట్టలేదు. అమ్మ లేస్తుందని పెదాలు మాత్రం కదుపుతూ చదువుతున్నావు.

సరిదిద్దడానికి ఒక్క నిమిషం చాలు. ఆ ఊరు కాదే, అని నాలుగు మాటలు. కానీ అది చెప్తే మిగతాది కూడా చెప్పాలి. చెప్పలేకపోయాను. సాయంత్రం నువ్వు ముఖం కడుక్కోవడానికి కిందికి వెళ్ళినప్పుడు ఆ గదికి తాళం వేశాను. నువ్వు తలుపు తోస్తే లోపల ఎవరూ లేరని తెలిసిపోతుందని. అబద్ధానికి తాళం కూడా వేశాను చూడు. మూడు రోజులు నువ్వు అక్కడే. నేను పళ్ళెం తెచ్చి పక్కన పెట్టడం, నువ్వు తిని గిన్నె తిరిగి ఇచ్చి మళ్ళీ కూర్చోవడం. మూడో రోజు నాన్న వచ్చి చెప్పాడు. నువ్వు ఏడవలేదు. నా వైపు తిరిగి నా ముఖం చూశావు. అంతే. ఆ చూపు నన్ను ఇన్నేళ్ళుగా వదల్లేదు.

తరవాత ఆరేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాం. నేను డాబా ఊడ్చాను, బట్టలు ఆరేశాను, నాన్న పక్క దులిపాను. ఎప్పుడూ ఆ తలుపు వైపు వీపు పెట్టి చేశాను. పెళ్ళయి వెళ్ళేటప్పుడు అందరూ ఏడుస్తున్నానని అనుకున్నారు. నాకు మెట్లు దిగుతుంటే తేలిగ్గా ఉంది.

నువ్వేమో ఆ మూడు రోజుల్ని పుస్తకం చదివిన రోజులుగా దాచుకున్నావు. నీకు అదొక్కటే గుర్తుండిపోయినందుకు సంతోషించాలో ఏం చేయాలో తెలియడం లేదు. నాకు మాత్రం ఆ ఇల్లంటే నువ్వు ఎవరూ లేని గది ముందు కూర్చుని అమ్మ కోసం ఎదురుచూడటమే.

అడిగావు కాబట్టి రాశాను. ఇంక ఖాళీ చెయ్యమని అనను. కండక్టరు బాబాయి ఇంటికి ఉత్తరం రాసి నాన్నకి ఇల్లు సంగతి చెప్పాను. ఆదివారం తిరిగి వచ్చాక ఆయన ఎక్కడ ఉంటానంటే అక్కడే. మీ బావ తీసుకొచ్చి దింపుతారు. నేను మాత్రం ఆ మెట్లెక్కలేను. నువ్వే ఇక్కడికి వస్తూ ఉండు.

అక్క


జూలై 9

అక్కా,

నాన్న ఇక్కడ ఉన్నాడు. కంగారు పడకు. బావగారిని బస్టాండుకి పంపి ఉంటావు ఆదివారం, ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. నీ ఉత్తరం చదవగానే కండక్టరు బాబాయితో "దారిలోనేగా" అని ఇటు బస్సెక్కేశాడట. దారి కాదు. పూర్తిగా ఎదురు దిక్కు. ఇరవై రెండేళ్ళు దారులే నడిపిన మనిషి.

లైబ్రరీ నుంచి వచ్చేసరికి లాండ్రీలో ఇస్త్రీ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బాయిలరు ఎలా నడపాలో మావయ్యకి చెప్తున్నాడు. మావయ్య వింటున్నట్టు తలూపుతూ తన పని తను చేసుకుంటున్నాడు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. మెట్లు రెండుసార్లు ఆగి ఎక్కాడు. మోకాలికి నీ దగ్గర్నుంచి తెచ్చిన నూనె రాశాను. మూడు గదుల్లోనూ ఎటూ చూడలేదు, పచ్చ రంగు కూడా కనపడలేదనుకుంటాను. తిన్నగా డాబా దాటి వెళ్ళి, చొక్కా మేకుకి తగిలించి పడుకున్నాడు. మర్నాడు పదింటిదాకా లేవలేదు. మీటరు చూసే అతను వచ్చి, "ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?" అంటే, "నాన్న ఊరెళ్ళారండీ" అనేశాను. ఎప్పుడొస్తారని అడిగాడు. పదింటికి అన్నాను. అతను నన్ను అదోలా చూసి వెళ్ళిపోయాడు.

నీ మాత్రల కాగితం ప్రకారమే ఇస్తున్నాను. రెండు వారాలు ఇక్కడ, రెండు వారాలు అక్కడ ఉంటానంటున్నాడు. "ఇకనుంచి నాకు రెండు డిపోలు" అన్నాడు. నీ దగ్గరున్న నీలం దుప్పటి కావాలట. అది లేకపోతే డిపో కాదట.

నీ ఉత్తరం లైబ్రరీలో మధ్యాహ్నం చదివాను, మూలన, పాత పత్రికలు పెట్టే చోట. అక్కడికి ఎవరూ రారు.

అక్కా, నేను ఎదురుచూడలేదు. నిజంగానే చదువుకున్నాను. నువ్వు వంటింట్లోంచి మాటిమాటికీ డాబా గుమ్మం దాకా వచ్చి, నేను ఉన్నానా లేదా అని చూసి వెళ్ళేదానివి. నేను కూర్చుని కనపడితే నీ భుజాలు కాస్త దిగేవి. వెళ్ళి మళ్ళీ పని చేసుకునేదానివి. ఒకసారి నేను లేచి మధ్య గదిలోకి వస్తే నువ్వు పొయ్యి దగ్గర నిలబడి చేతిలో గరిటెతో ఊరికే గోడ వైపు చూస్తున్నావు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. పుస్తకం మొదటి రోజే అయిపోయింది. ఇంకా రెండుసార్లు చదివాను.

నాన్న చెప్పినప్పుడు నీ ముఖం చూసింది, ఇంక నువ్వు ఏడవచ్చు కదా అని.

నువ్వు ఎక్కకపోతే నేనే దిగుతాను. పొద్దున్న బస్సు పదకొండింటికి వస్తుంది. లాండ్రీలో రెండు ముక్కాలిపీటలు ఉన్నాయి, మావయ్య టీ తెప్పిస్తాడు. నాన్నని కిందికి పిలుద్దాం. దుప్పటి తెచ్చి ఇచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవచ్చు. పైకి రమ్మని నేను అడగను.

నీ
చీమ

తా.క. ఆ ఫోను వచ్చినప్పుడు నేను కూడా నీ వెనకే మెట్లు దిగుతున్నాను. మావయ్య రెండుసార్లు అరవడం విన్నాను. నువ్వు వెనక్కి తిరిగేలోపు పైకి పరిగెత్తాను.